ఇంట్లోనే బారెడు దూరం

మా ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. నాలుగు తరాల కిందట పుదుచ్చేరి వచ్చి స్థిరపడ్డ వ్యాపారుల కుటుంబం. మాట నిలిచింది, అక్షరం పోయింది. నేను నాయుడుపేట పిల్లను, పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నాను. పెళ్ళికి ముందు నేను రాసిన ఒకే ఒక్క ఉత్తరాన్ని మా ఆయన తలకిందులుగా పట్టుకుని, "చేతిరాత బాగుండాది" అని మెచ్చుకున్నారట.

అందుకే ఇది హాల్లో అందరి మధ్యా కూర్చునే రాస్తున్నాను. "ఏంది రాస్తా ఉండావు?" అని ఎవరైనా అడిగితే రామకోటి అంటాను. పాపం తగలకుండా మధ్య మధ్య ఒక రామ కూడా రాస్తాను.

నా ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద మిషను ఒకటుంది. గుండె దారి తప్పి పరుగెత్తితే షాకు కొట్టి దారిలో పెట్టడం దాని పని. డీఫిబ్రిలేటర్ అంటారు. మా ఇంట్లో దాని పేరు పెట్టె. అది నా ప్రాణానికి కాపలా, కాదనను. కానీ అది వచ్చాక దాదాపు ఏడాది పాటు మా ఇంట్లో నన్ను ఎవరూ తాకలేదు. ఇలా జరుగుతుందని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ ఊహించలేదు. ఇలాంటి పెట్టె పెట్టించుకున్న వాళ్ళో, వాళ్ళ ఇంటి వాళ్ళో చదువుతారేమోనని రాస్తున్నాను.

మాసి

ఈ ఊరికొచ్చాక నా నెలలు కూడా మారిపోయాయి. మాఘం, ఫాల్గుణం పోయి మాసి, పంగుని వచ్చాయి. ఆ మాసి నెలలోనే నేను పడిపోయాను.

పాత బజారులో మాకు స్టీలు పాత్రల కొట్టు ఉంది. ఇల్లు సారం అనే పేటలో. మధ్యాహ్నం వంటపని అయ్యాక బస్సెక్కి కొట్టుకు వెళ్ళేదాన్ని. గిన్నెల మీద పేర్లు వేసే పని నాది. చేతిలో పట్టుకునే చిన్న కరెంటు మిషను, జుయ్యిమంటూ వణుకుతూ స్టీలు మీద గీస్తుంది. తమిళ అక్షరాలు నేను బడిలో నేర్చుకోలేదు, బిందెల మీద నేర్చుకున్నాను. ఆ రోజు ఎవరో పెళ్ళివారి గుండిగ ఒళ్ళో పెట్టుకుని పేరు వేస్తున్నాను. చెయ్యి వణుకుతోంది మిషను వల్లనా, నా వల్లనా అనుకున్నది గుర్తుంది. తర్వాత గుర్తున్నది ఆసుపత్రి పైకప్పు.

గుండె ఆగిందన్నారు. ఎవరో ఛాతీ మీద నొక్కారట, అంబులెన్సులో షాకిచ్చారట. ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టుంది. మళ్ళీ ఎప్పుడైనా ఇలాగే జరగొచ్చని, లోపల మిషను పెట్టడమే దారి అని పెద్ద డాక్టరు చెప్పినప్పుడు మా ఆయన ముఖం పాలిపోయింది. 

"కరెంటా? ఒంట్లోపలా?" అన్నారు. 

డాక్టరు నవ్వి, "మీ ఆవిడకు కాపలా ఉంటుంది సార్" అన్నాడు. మా ఆయన నవ్వలేదు.

ఆయన భయానికి కారణం నాకు తెలుసు. మా ఆయన తమ్ముడు చిన్న వయసులోనే విల్లియనూరు దగ్గర చేనులో మోటారు పంపు తగిలి పోయాడు. పట్టుకోబోయిన మామగారిని కూడా కరెంటు విసిరి కొట్టింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ అన్నప్రాశనతో పాటు ఒక మాట నేర్పుతారు. కరెంటు పట్టిన మనిషిని తాకకూడదు, ఎండిన కర్రతో తొయ్యాలి. మంచి మాటే. అదే చివరికి నా మెడకు చుట్టుకుంది.

వార్డులో నా పక్క మంచం ముసలాయన భార్య, సముద్రం ఒడ్డున జాలర్ల కుప్పం ఆమె, రోజూ నాకు తల దువ్వేది. ఎడమ చెయ్యి పైకెత్తకూడదన్నారు కదా. పరిచయం లేదు, పేరు అడగలేదు. చిక్కులు తీసి, గట్టిగా జడ వేసి, వెనక్కి ఒకసారి నిమిరి వెళ్ళేది. అప్పట్లో అది అంత పెద్ద విషయంగా తోచలేదు.

చిత్తిరై

ఇంటికొచ్చాక చుట్టాలు వరస కట్టారు. పెట్టె ఎక్కడుందో చూపించమన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? చూసి, "అయ్యయ్యో పావం" అని, కాఫీ తాగి, బారెడు దూరం నుంచే దండం పెట్టి పోయారు.

మా ఆయన హాల్లో మంచం వేసుకున్నారు. "నా చెయ్యి తగిలి కుట్లు నొప్పి చేస్తాయి, అందుకే" అన్నారు. కుట్లు మానాయి. మంచం హాల్లోనే ఉంది. మా అబ్బాయి మురళి మాత్రల డబ్బా నా చేతికివ్వడం మాని పక్కన బల్ల మీద పెట్టడం మొదలుపెట్టాడు. కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద పెడతారు, తీసుకోమంటారు. మిక్సీ దగ్గరికి పోవద్దు, కొట్టుకు రావద్దు, సుమ్మా ఊరికే కూర్చో. ఒక్కరూ కసిరింది లేదు, విసుక్కుంది లేదు. అంతా ప్రేమే. ఆ ప్రేమలోనే నాకు మొట్టమొదటిసారి ఒంటరితనం అంటే ఏమిటో తెలిసింది. ఇంట్లో నలుగురున్నారు, నా చర్మానికి మాత్రం ఎవరూ లేరు.

అదే నెలలో కోడలు సుధ నెల తప్పిందని తెలిసింది. సుధకు తల్లి లేదు. పెళ్ళి మాటలప్పుడు వాళ్ళ నాన్న కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే నేనే అన్నాను, "తొలి కాన్పు మా ఇంట్లోనే, బిడ్డకు నీళ్ళు నేనే పోస్తాను" అని. పసిబిడ్డను చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోయడం అందరికీ రాదు. ఈ ఇంటి బంధువుల్లో ఎందరు బిడ్డలకో నేనే పోశాను. వాళ్ళ ముక్కులు నిటారుగా ఉన్నాయంటే నా చలవే అని గొప్పలు చెప్పుకుంటాను. కాబట్టి ఆ వార్త విన్నప్పుడు ఇంట్లో అందరూ సుధ ముఖం చూశారు, నేను నా కాళ్ళు చూసుకున్నాను.

ఆ బిడ్డకు నేను నీళ్ళు పోస్తానా, పొయ్యనా అన్నదే అప్పటి నుంచి నా బెంగ. చచ్చిపోతానేమో అన్న భయం దాని తర్వాతే.

ఆడి

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆడి గాలి విపరీతంగా వీస్తున్న ఒక ఉదయం, మేడ మీద ఎగిరిపోతున్న దుప్పటి పట్టుకోబోయాను. కళ్ళు తిరిగాయి. గోడ పట్టుకునేలోపే లోపలి నుంచి ఎవరో ఛాతీ మీద ఒక్క తన్ను తన్నారు. అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. కింద పడి ఉన్నాను, దుప్పటి పక్కింట్లో పడింది.

సుధ మెట్లెక్కి పరుగున వచ్చింది. ఆరో నెల కడుపు. చెయ్యి చాచింది. బారెడు దూరంలో ఆగిపోయింది. చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "మామా! మామా!" అని మురళి కోసం అరుస్తూ నిలబడింది. మురళి వచ్చి, ఒక్క క్షణం చూసి, కిందికి పరుగెత్తి, దుడ్డుకర్ర పట్టుకొచ్చాడు. దాంతో నన్ను ఏం చెయ్యాలనుకున్నాడో వాడికీ తెలియదు. నేనే లేచి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ కూర్చుంటూ దిగాను.

ఆసుపత్రికి పోతే, మిషను పని చేసింది, అంతా బాగానే ఉందన్నారు. బాగానే ఉందట. ఆ కర్ర మాత్రం ఆ రోజు నుంచి నా గది తలుపు వెనకే ఉండిపోయింది. 

ఇందిరా నగర్ నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, వచ్చి తీర్పు చెప్పింది. "కడుపుతో ఉండే పిల్ల. దగ్గరికి పోనియ్యబాకండి. కరెంటుకు అత్తా కోడలా తెలుస్తుందా?"

ఆ తర్వాత నా సంగతి చెబుతాను. ఇలాంటి షాకు తిన్నవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. పాము కరిచిన వాడికి తాడు కూడా పామే. మేడ ఎక్కడం మానేశాను. తర్వాత వీధిలోకి పోవడం మానేశాను. ఏ పని చేస్తుంటే కొట్టిందో ఆ పనే కారణం అనిపిస్తుంది. స్నానాల గది తలుపు గడియ వేసుకోను, వేసుకోకపోతే సిగ్గు. గుండె కొంచెం గట్టిగా కొట్టుకుంటే చాలు, కుర్చీ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుని దెబ్బ కోసం ఎదురు చూసేదాన్ని. ఎదురు చూసే కొద్దీ గుండె ఇంకా కొట్టుకునేది. ఈ పెట్టెను తీసేయమని అడగాలని ఒకటి రెండుసార్లు గట్టిగా అనుకున్నాను. నాకు అప్పుడు మందు కన్నా మనిషి కావాల్సింది. ఎవరైనా వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంటే చాలు. అది అడగడానికి కూడా భయమే. వాళ్ళకు తగిలితే?

అవును, నేనూ నమ్మాను. ఈ ఇంటి కోడలిని కదా, కరెంటు సంగతి నాకూ వాళ్ళే నేర్పారు. డాక్టరును అడగొచ్చు కదా అంటారు. చెకప్పుకు పోతే లోపల మాట్లాడేది మా ఆయన. "నిద్ర పోతా ఉండాది, తింటా ఉండాది, ఇబ్బంది, తొందరవు ఏమీ లేదు." మూడు ముక్కల్లో నా బతుకు చెప్పేసి లేచేవారు. నేను ఆయన వెనకే లేచేదాన్ని.

ఆవణి

ఆడి, అంటే మన ఆషాఢం, పోయాక సీమంతం చేశారు. ఈ ఊరి పద్ధతిలో ముత్తైదువలు ఒక్కొక్కరూ వచ్చి కడుపుతో ఉన్న పిల్ల బుగ్గలకు, చేతులకు చందనం పూసి, గాజులు తొడుగుతారు. మొదటి గాజు అత్తది.

నేను పట్టుచీర కట్టుకుని, ఎర్ర గాజులు పట్టుకుని వెళ్ళాను. మా వదిన నా ముందుకొచ్చి అక్షింతల పళ్ళెం చాపింది. 

"నువ్వు దూరం నించి అక్షింతలు వెయ్యి వనజా. గాజులు నేను తొడుగుతా." 

కసురుగా అనలేదు. చాలా మెల్లగా, నలుగురికీ వినపడకుండా అంది. సుధ తల వంచుకుంది. నేను అక్షింతలు వేశాను. సగం దారిలోనే పడ్డాయి. ఎవరో నవ్వి, "అత్తకు గురి లేదు" అన్నారు. నేనూ నవ్వాను. లోపలికి పోయి వంటింట్లో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

ఐప్పసి

వానల్లో పాప పుట్టింది. ఆసుపత్రిలో అద్దం లోంచి చూశాను. ఇంటికి తెచ్చాక ఎవరో ఒకరు ఎత్తుకుని నా గది గుమ్మంలో నిలబడి చూపించేవారు. "నాయనమ్మను చూడు, నాయనమ్మను చూడు." నాయనమ్మ మంచం మీద కూర్చుని చూసేది. దాని ముక్కు మా ఆయనది, కొంచెం చప్పిడి. నొక్కి సరిచేసే చెయ్యి నా ఒళ్ళోనే ఉంది.

నీళ్ళు పోయడానికి ఒకామెను పెట్టారు. మంచి మనిషే, చెయ్యి తిరిగిన మనిషే. పొద్దున ఆమె రాగానే నేను గది తలుపు వేసుకునేదాన్ని. పెరటి వైపు నుంచి పాప ఏడుపు వినిపించేది. తల మీద నీళ్ళు ఎప్పుడు పడ్డాయో, సాంబ్రాణి పొగ ఎప్పుడు పట్టారో ఏడుపు తీరును బట్టి నాకు తెలిసిపోయేది. చివర్లో నిద్రలోకి జారే ముందు అది ఒక చిన్న మూలుగు మూలిగేది. అది విన్నాక తలుపు తీసేదాన్ని. 

ఈ నెలల గురించి ఎక్కువ రాయలేను. ఎక్కువ ఏమీ జరగలేదు. అదే కష్టం.

తై

సంక్రాంతితో తై నెల వచ్చిందంటే పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళంటే పాత్రలు. తండ్రీ కొడుకులకు కొట్లో ఊపిరాడని రోజుల్లో నా చెకప్పు వచ్చింది. పాపను వదినకు అప్పజెప్పి, సుధ నా వెంట వచ్చింది. ఆటోలో మా ఇద్దరి మధ్యా చేతిసంచి పెట్టుకుంది.

వెయిటింగ్ హాలు నిండా జనం. గోడ మీద టీవీ మాటలు లేకుండా ఆడుతోంది. ఎదురుగా ఒక ముసలాయన తన భార్య భుజం మీద తల వాల్చి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆయనా పెట్టె మనిషే, ఇంతకు ముందు చెకప్పుల్లోనూ చూశాను. ఆమె కదలకుండా కూర్చుంది. నేను ఎంతసేపు చూశానో. ఉన్నట్టుండి నా నోరు నా చేతిలో లేకుండా పోయింది. 

"ఆ పొద్దు మేడ మీద ఎందుకు నిలబడిపోయినావే?" అన్నాను.

సుధ ముఖం ఎర్రబడింది. "ఏంది అత్తా?"

"పడిపోయుండాను. చెయ్యి చాపి నిలబడిపోయినావు. అంత భయమా నేనంటే?"

"నువ్వే కదా అత్తా అరిచినావు. రాబాకు, రాబాకు, బిడ్డ, బిడ్డ అని. నేను వచ్చేదానికే వచ్చినాను. నువ్వు చేత్తో తోసేసినట్టు అరిచినావు."

నేను అరిచింది అదేనా? ఒట్టు, నాకు తెలియదు. ఆ ఆరు నెలలూ దాని గాల్లో నిలిచిన చెయ్యినే తలచుకుని కుమిలాను, నా గొంతు మాత్రం నాకు వినపడలేదు.

"దాని తరువాత ఎప్పుడు దగ్గరికొచ్చినా నువ్వే వెనక్కి జరుగుతావు," అంది సుధ. కళ్ళు తుడుచుకుంటోంది, గొంతు మాత్రం కోపంగా ఉంది. "కాఫీ ఇస్తే గట్టు మీద పెట్టు అంటావు. నాకు అమ్మ లేదని తెలిసే కదా ఈ ఇంటికి వచ్చినాను. ఉండే అత్త కూడా తలుపేసుకుంటే నేను యాడికి పోయేది?"

అప్పుడే నా పేరు పిలిచారు.

లోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ, తమిళావిడ. మిషను లెక్కలన్నీ చూసి, అంతా సరిగ్గా ఉంది, వెళ్ళొచ్చు అంది. నేను అలవాటుగా లేచాను. సుధ లేవలేదు. 

"డాక్టర్, మా అత్త పాపకు నీళ్ళు పోయొచ్చా?" అని తమిళంలో అడిగేసింది.

"ఎందుకు పోయకూడదు?"

సుధ నన్ను చూసింది. నేను చెప్పాను. నీళ్ళు, కరెంటు, చేనులో మోటారు, మరిది, అన్నీ చెప్పాను. డాక్టరమ్మ నవ్వలేదు, అందుకు ఆమెకు ఎప్పటికీ దండం పెడతాను. మిషను కొట్టే దెబ్బ నా గుండె కోసం, బయటివాళ్ళను చంపేది కాదంది. ఆ సమయంలో నన్ను పట్టుకున్న వాళ్ళకు మహా అయితే కొంచెం జిల్లుమంటుందట. పాపకూ అపాయం లేదు, నీళ్ళున్నా లేదు. 

"కానీ దెబ్బకు ముందు మీకు స్పృహ తప్పొచ్చు. పాప చేతుల్లోంచి జారిపోతుంది. భయపడాల్సింది దానికి. ఒంటరిగా పోయకండి. పక్కన ఒకరు కూర్చుని పాపను పట్టుకోవాలి," అని, "ఇన్నాళ్ళూ ఎవరు వద్దన్నారు?" అని అడిగింది.

ఎవరు వద్దన్నారు? ఎవరూ నోరు తెరిచి అనలేదు. వదిన మాటలు ఉన్నాయి, అవి కాకపోతే ఇంకో మాట దొరికేది. ఒకరి భయం ఒకరికి చెప్పుకోకుండా అందరం కలిసి అంత పకడ్బందీగా ఎలా నడుచుకున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇది చదివే వాళ్ళకు ఒక్క మాట చెబుతాను. మీ ప్రశ్న ఎంత పిచ్చిదైనా మీరే అడగండి. వెంట వచ్చినవాళ్ళు మీ నిద్ర, తిండి సంగతే చెబుతారు. మీ భయం మీకే తెలుసు.

ఇంటికొచ్చి అందరికీ చెప్పాను. మురళి తలుపు వెనక కర్ర తీసుకుపోయి ఎక్కడో పడేశాడు. మా ఆయన అంతా విని, "సరే, సరే" అన్నారు. ఆయన మంచం ఇంకా హాల్లోనే ఉంది. తమ్ముడిని పోగొట్టుకున్న మనిషికి డాక్టరు మాట ఒక్కసారికి చాలదు. నేను తొందర పెట్టడం లేదు. కోపం మాత్రం ఉంది, దాచుకోను.

మరునాడు పొద్దున పెరట్లో పీట వేసుకుని కాళ్ళు చాచి కూర్చున్నాను. వదిన గుమ్మంలో నిలబడి "మురుగా, మురుగా" అంటోంది. సుధ పాపను తెచ్చి నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూనె రాశాను. మూడు నెలల బిడ్డ, కాళ్ళు ఆడిస్తూ నన్నే చూస్తోంది. మోచేత్తో నీళ్ళ వేడి చూశాను. చెంబు ముంచి ఎత్తాను, ఇక అక్కడే చెయ్యి ఆగిపోయింది. గుండె దడదడలాడుతోంది. ఇప్పుడు కొడుతుంది, ఇప్పుడే కొడుతుంది అనిపించింది. చెంబులో నీళ్ళు తొణికి నా మోకాలి మీద పడ్డాయి.

"నా వల్ల కాదే, పాపను తీసుకో" అన్నాను.

సుధ తీసుకోలేదు. నాకు ఆనుకుని కూర్చుంది. ఒక చెయ్యి పాప వీపు కింద పెట్టింది. రెండో చెయ్యి నా నడుము చుట్టూ వేసి దగ్గరికి లాక్కుంది.

"డాక్టరమ్మ పాపను కదే పట్టుకోమనింది" అన్నాను.

"పాపకు ఒక చెయ్యి చాలు అత్తా. నిన్ను ఎవరు పట్టుకునేది?"

నా ఒళ్ళంతా వణికింది. అది పెట్టె కాదు, నేనే. కళ్ళ నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. సుధ భయపడి నడుము మీద పట్టు కొంచెం సడలించింది.

"తియ్యబాకు," అన్నాను. "అట్నే ఉండనియ్యి."

తర్వాత పాప తల మీద నీళ్ళు పోశాను.